బీడు దున్నిన సంఘం

బొంబాయి నుంచి హైదరాబాదుకు బస్సులో పోయేవారిలో జహీరాబాదు పేరు వినని వారుండరు. షోలాపూరు దాటి, హుమ్నాబాదు దాటి, తెల్లవారుజామున కండక్టరు ఆ పేరు కేక వేయగానే మనవాళ్లలో సగంమంది లేచి కూర్చుంటారు, తెలుగు నేల వచ్చిందని. పెండ్లయి కామాఠీపురా వచ్చింది మొదలు నేనూ ఆ కేకకు లేస్తూనే వున్నాను. కాని ఆ ఊళ్లో దిగి నిలబడింది మాత్రం ఒక్కసారే, ఒక సంక్రాంతి వెళ్లిన తరువాత.

దిగడానికి కారణం మా యింటి వ్యవహారమే. మా అత్తగారి వారిది ఝరాసంగం పక్క పల్లె. మామగారు పరేలులో మిల్లు పని చేసేవారు. 1982 జనవరి 18న మిల్లుల సమ్మె మొదలై, నెలలు గడిచినా తెగకపోయేసరికి, వేలమంది వలెనే ఆయనా పెట్టె సర్దుకొని పెండ్లాం పిల్లలతో ఊరికి పోయారు. అక్కడ ఆయన వంతుకు రెండెకరాల చెలక వుంది. ఒక వానకారు చూశారు. వేసిన గింజలు కూడా చేతికి రాలేదు. తిరిగి వచ్చి, కన్ను మూసేవరకు మేస్త్రీల కింద పని చేశారు. "అది భూమి కాదు, రాళ్లగుట్ట" అనేవారు. ఆ రెండెకరాలు నాటినుంచి బీడే. యిప్పుడు ఊరినుంచి మా మరిది వరుస వాళ్లు ఫోను మీద ఫోను చేస్తున్నారు: "మంచి ధర వచ్చింది వదినా, సంతకాలు పెట్టండి, అమ్మేద్దాం" అని.

ఎనభై దాటిన మా అత్తగారు ఆ మాట విని చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత నన్ను పిలిచి, "పెండ్లికి ఎట్లనో పోతున్నవ్ గద బిడ్డా. జహీరాబాదుల దిగి ఆ పస్తాపూరు సంగం ఆడోళ్లను సూసి రా. మనసొంటి సెల్కలే వాళ్లు దున్నిన్రట. దున్నితె ఏం పండిందో అడుగు" అన్నారు.

అందుకని దిగాను.

పస్తాపూరు జహీరాబాదుకు ఆనుకొని వున్న పల్లె. 1983లో కొందరు మిత్రులు కలిసి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థను స్థాపించి ఈ ప్రాంతంలో పని మొదలుపెట్టారు. వారిలో ముఖ్యులు పి. వి. సతీశ్ గారు. మైసూరు వారు, దూరదర్శన్‌లో కార్యక్రమాలు తీసినవారు. 2023 మార్చిలో స్వర్గస్థులయ్యేవరకు ఈ ఊళ్లనే నమ్ముకొని వున్నారు. ఆయనను గురించి పత్రికలు చాలానే వ్రాశాయి కనుక నేనిక్కడ ఆగను. మా అత్తగారు చూసి రమ్మన్నది ఆడవాళ్లను.

ఆ ఆడవాళ్లు డెబ్బై అయిదు గ్రామాలలో, సుమారు అయిదువేల మంది. నూటికి తొంభై వంతులు దళిత స్త్రీలు. ఎకరమో రెండెకరాలో వున్నవారు, అదీ లేనివారు. పగలంతా ఒకరి చేలో కూలి, యింటికి వచ్చి వంట, అందరికీ పెట్టి, గిన్నెలు కడిగిన తరువాత సంఘం. ఊరి దీపాలు ఆరిపోయే వేళకు వీళ్ల సభ మొదలయ్యేది. బియ్యం లేక పిల్లలు పడుకొన్న యిల్లు ఏది, దెబ్బలు తిన్న ఆడది ఎవరు, వచ్చే వానకు ఎవరి చేను ఎవరు దున్నాలి, యివన్నీ అక్కడనే తేలేవి. అధ్యక్షురాలికి దండలు వేసి, వందన సమర్పణతో ముగించే మన సభలవంటివి కావు.

ఇంతకూ ఆ నేల బీడు ఎందుకు పడింది? జహీరాబాదు చుట్టూ ఒక పక్క ఎర్రమొరం, ఒక పక్క నల్లరేగడి. పేదవాళ్ల వంతుకు వచ్చింది ఎక్కువగా ఎర్రమొరమే. ప్రభుత్వం వారు భూమిలేని వారికి పట్టాలిచ్చిన మాట నిజం. కాని యిచ్చినవి రాళ్లు తేలిన చెలకలు. రాళ్లు ఏరాలి, గట్లు వేయాలి, పెంట తోలాలి, అప్పుగదా నాగలి పెట్టేది. ఎద్దు లేనివాడు, చేతిలో రూపాయి లేనివాడు దాన్నేం చేస్తాడు? పట్టా పెట్టెలో పెట్టి బస్సెక్కుతాడు. మా మామగారు చేసింది అదే. మన చాళ్లలో అట్లా పెట్టెలో పట్టా పెట్టుకొని వచ్చిన యిళ్లు ఎన్ని లేవు!

దీనికి తోడు ఇంకొకటి జరిగింది. 1983లో రామారావు గారి ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం తెచ్చింది. ఆకలిగొన్న యింటికి అది అమృతమే, కాదనడానికి లేదు. అయితే జొన్నరొట్టె తిని బతికిన ఈ మెట్ట ఊళ్లకు ఎక్కడో కాలువల కింద పండిన బియ్యం వచ్చి చేరేసరికి, జొన్న వేసేవాడు తగ్గిపోయాడు. జొన్న పోతే దానితోపాటు కంది పోయింది, కొర్ర పోయింది, పశువుకు చొప్ప పోయింది. చొప్ప లేకపోతే ఎద్దు అమ్ముకోవాలి. ఎద్దు పోతే పెంట లేదు. పెంట లేని చేను బీడు. మా మామగారికి గింజ ఎందుకు రాలేదో నాకు ఆ చెలకల మధ్య నిలబడినప్పుడు తెలిసింది. ఆయన చేతకానితనం కాదది. ఒక్కణ్ణి ఒక్క కారులో లేవగలిగిన పని కాదు.

సంఘం స్త్రీలు 1990ల నడుమ తలపెట్టిన పని నన్ను అన్నిటికంటె ఆశ్చర్యపరచింది. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ వారి సహాయం సంపాదించి, ముప్ఫై పైచిలుకు ఊళ్లలో ఈ బీళ్లను సాగులోకి తెచ్చారు. ఏమి చేశారంటే, బీడు గల చిన్న రైతుకు దున్నడానికి, పెంటకు, విత్తనానికి, కలుపుకు సొమ్ము అప్పుగా యిస్తారు. ఒక్కసారిగా కాదు, మూడేండ్ల మీద విడతలుగా. ప్రతి ఊళ్లోనూ స్త్రీల కమిటీ వుంటుంది. వాళ్లు చేను మీదికి పోయి, దున్నినది కళ్లారా చూసి యిస్తారు. సారాకు పోయే రూపాయి వాళ్ల కంటబడకుండా వుండదు గదా!

ఆ అప్పు తీర్చవలసింది డబ్బుతో కాదు, జొన్నలతో. అయిదేండ్లలో ఇంత అని. అట్లా వచ్చిన జొన్నలు ఊళ్లోనే నిలువ చేస్తారు. వానకాలంలో, పని లేక చేతిలో ధాన్యం అయిపోయిన నెలల్లో, ఆ జొన్నలను ఊళ్లోని పేదలకు అంగడి ధర కంటె తక్కువకు అమ్ముతారు. ఆ వచ్చిన డబ్బు బ్యాంకులో వేసి మళ్లీ ఇంకొక బీడుకు అప్పు. ఊరి నేల మీద పండినది ఊరివాళ్లే దాచి, ఊళ్లోనే పంచుకొంటున్నారన్న మాట. రేషను దుకాణం మనకూ వుంది. కాని ఆ బస్తా ఏ రాష్ట్రంలో నిండిందో మనలో ఎవరం అడిగాం?

ఇంతకంటె కష్టమైన పని ఒకటి వుంది: ఊళ్లో పేదలెవరు అని తేల్చడం. మనకు తెలుసు గదా, రేషను కార్డు రంగు మార్పించుకోవడానికి గల్లీలో ఎన్ని చెప్పులరగదీస్తామో! అక్కడ సర్టిఫికెట్లు లేవు. ఊరి నడుమ నేల మీద ముగ్గుపిండితో, రంగులతో ఊరి పటం గీస్తారు. ఒక్కొక్క యిల్లు గుర్తు పెడతారు. ఏ యింట్లో ఏడాది పొడుగునా తిండి వుంది, ఏ యిల్లాలు ఒంటరిది, ఎవరి పిల్లలు పశువుల వెంట పోతున్నారు అని అందరి ఎదుట మాట్లాడుకొని తేలుస్తారు. బాగా లేనివారికి ఎక్కువ పాలు, కొంచెం నయంగా వున్నవారికి తక్కువ. "వున్నదాన్ని లేదని చెప్తే?" అని అడిగాను. అక్కడున్న పెద్దామె నవ్వింది. "ఎవరింట్ల పొయ్యి పొగ ఎప్పుడు లేస్తదో ఊరికి తెల్వదా చెల్లె?"

ఇక విత్తనం. ఈ మాట కొంచెం వివరంగా వ్రాస్తాను. ఎందుకంటే మన నగరంలో పుట్టిన పిల్లలకు విత్తనమంటే దుకాణంలో దొరికే పొట్లమే.

సంఘం ఊళ్లలో విత్తనాల బ్యాంకులున్నాయి. బ్యాంకు అంటే కిటికీ, గుమాస్తా అనుకోవద్దు. ఒక స్త్రీ యిల్లు. మట్టీ పేడా కలిపి అలికిన వెదురు గుమ్ములు, కుండలు, ఎండిన ఆనపబుర్రలు. గింజలను ఎండలో బాగా ఆరబెట్టి, బూడిదా వేపాకూ కలిపి, మూతి మట్టితో మూసేస్తారు. పురుగు చేరదు. ఆ కుండల్లో పచ్చజొన్న, తెల్లజొన్న, సజ్జ, కొర్ర, సామ, తైద, కంది, పెసర, మినుము, అనుము, బొబ్బర, అవిసె, కుసుమ. ఒక్కొక్కదానిలో మళ్లీ ఎన్నో రకాలు. మొత్తం ఎనభై రకాలదాకా వున్నాయని చెప్తారు. విత్తనాన్ని కొనడం అమ్మడం లేదు. కావలసినామె ఒక కొలత తీసుకొని, పంట వచ్చాక ఒకటికి ఒకటిన్నరో రెండో తెచ్చి పోయాలి. అదే వడ్డీ. ఆ పెరిగినది ఇంకొకామెకు పోతుంది.

ఎకరం చేనులో పది, పదిహేను, ఒక్కొక్కచోట ఇరవై రకాలు కూడా కలిపి వేస్తారు. జొన్న సాళ్ల నడుమ కంది, కంది నీడన పెసర, గట్టు వెంట పుంటికూర. చూసేవారికి గందరగోళంగా వుంటుంది. వాన ముందు పోతే ఒకటి పోతుంది, వెనుక పోతే ఒకటి పోతుంది, అన్నీ మాత్రం పోవు. మా మామగారు ఆ వానకారులో జొన్న ఒక్కటే వేశారని మా అత్తగారు చెప్పిన మాట అప్పుడు నాకు జ్ఞాపకం వచ్చింది.

నల్లరేగడిలో యాసంగికి వేసేవాటికి అక్కడ ఒక అందమైన పేరుంది: సత్యం పంటలు. నీరు కట్టేది లేదు. వానకాలం నేల తాగిన తేమ, చలికాలపు మంచు, అంతే. శనగ, కుసుమ, తెల్లజొన్న వంటివి ఆ మంచుకే పండుతాయి. మందు లేదు, మోటారు లేదు. నేల తన మాట మీద నిలబడితే పండుతాయని ఆ పేరు పెట్టారు కాబోలు.

చేలో దున్నకుండా, విత్తకుండా వచ్చే ఆకుకూరల సంగతి చెప్పకపోతే మా అత్తగారు ఊరుకోరు. జొన్నచెంచలి, తుమ్మికూర, దొగ్గలికూర, పొన్నగంటి. మందు కొట్టిన చేలో యివి కలుపు మొక్కలు, చచ్చిపోతాయి. సంఘం చేలల్లో యివి కూర. డబ్బు లేని దినాన యింటికి కూర తెచ్చే హక్కు కూలి ఆడవాళ్లకు ఎవరి చేలోనైనా వుండేదట. ఈ పేర్లన్నీ నేను ఫోనులో చదివి వినిపిస్తే మా అత్తగారు ఒక్కొక్కదానికి "ఆఁ, ఆఁ" అంటూ పోయారు, తప్పిపోయిన చుట్టాల పేర్లు పిలిచినట్లు.

నేను పోయింది జాతర రోజులు. 2000 ప్రాంతం నుంచి వీళ్లు సంక్రాంతికి మొదలుపెట్టి నెల్లాళ్లపాటు పాతపంటల జాతర నడుపుతూ వచ్చారు. ఎడ్లబండ్లను అలంకరించి, వాటి మీద రకరకాల విత్తనాల కుండలు, బుట్టలు పేర్చి, ఊరూరా తిప్పుతారు. ముందు డప్పు, వెనుక పాటలు. ఊరి పొలిమేరలో ఆ ఊరి స్త్రీలు ఎదురువచ్చి హారతి యిచ్చి తీసుకుపోతారు. తరువాత చెట్టు కింద కూర్చొని రైతులతో మాట: ఏ విత్తనం మీ దగ్గర పోయింది, మాకు ఏది కావాలి, మీకు ఏది కావాలి. దేవుణ్ణి ఊరేగించినట్లే గింజను ఊరేగిస్తున్నారు. మనం బొంబాయిలో బతుకమ్మను పేర్చి వీధిలో తిప్పుతాం గదా, ఆ బతుకమ్మకు గునుగు పువ్వు మార్కెట్టులో డజను కట్టలుగా కొంటాం. ఆ గునుగు యిక్కడ జొన్నచేలో ఊరికే పూస్తుంది.

మాచనూరులో వాళ్ల రేడియో వుంది. దాని చరిత్ర వింటే వీళ్ల ఓర్పు ఎంతటిదో తెలుస్తుంది. యునెస్కో సహాయంతో 1998 నాటికే స్టూడియో కట్టుకొన్నారు. కాని ప్రసారానికి అనుమతి లేదు. గాలితరంగాలు ప్రజల సొత్తు అని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పినా, గ్రామ సంస్థలకు తలుపు తెరిచింది 2006లోనే. అంతవరకు ఊరుకోలేదు. రికార్డు చేసిన క్యాసెట్లను పట్టుకుపోయి సంఘం కూటాలలో వేసి వినిపించేవారు. చివరకు 2008 అక్టోబరు 15న, ఆ తీర్పు చెప్పిన వారిలో ఒకరైన జస్టిస్ పి. బి. సావంత్ గారే వచ్చి సంఘం రేడియోను ప్రారంభించారు. నడిపింది ఇద్దరు నర్సమ్మలు, అల్గోలు నర్సమ్మ, జనరల్ నర్సమ్మ. సాయంకాలం రెండు గంటలపాటు వ్యవసాయం, వైద్యం, పాటలు, అంతా ఆ ఊళ్ల యాసలోనే. నేను మా యింట్లో మాట్లాడే భాష రేడియోలో వినడం నాకు అదే మొదలు. మన పిల్లలు మరాఠీ స్నేహితుల ఎదుట సిగ్గుపడే భాష అది.

కెమెరా కూడా పట్టారు. 2003లో వరంగల్లు జిల్లా పత్తిరైతుల కష్టం మీద వీళ్లు తీసిన చిత్రం విదేశాలలో కూడా ప్రదర్శింపబడింది. చదువు రాని ఈ స్త్రీలు కెమెరా కోణాలకు తమ పేర్లు పెట్టుకొన్నారు. కింది నుంచి పైకి చూసేది బానిస షాటు, ఎందుకంటే నేల మీద కూర్చొన్న కూలిది దొరను అట్లానే చూడాలి. పై నుంచి కిందికి చూసేది పటేల్ షాటు. కంటికి కన్ను సమానంగా పెట్టి తీసేది సంఘం షాటు. వీళ్లు తమవాళ్లను సంఘం షాటులోనే తీస్తారు. ఇది వినగానే నాకు మన గల్లీలకు వచ్చి ఫోటోలు తీసుకుపోయేవాళ్లు తోచారు. కామాఠీపురా అనగానే పైవారికి ఒక్కటే అర్థం. ఈ నగరం కట్టడానికి తెలంగాణా నుంచి వచ్చిన కామాఠీలు, గంపలో సున్నం మోసిన మన అవ్వలు, వాళ్ల పేరు మీద ఈ పేట వెలసిందని ఎవరికి కావాలి? మనల్ని ఎవరు సమానంగా కన్ను పెట్టి చూశారు?

2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి సంస్థవారు ఈ సంఘాలకు ఈక్వేటర్ బహుమానం యిచ్చారు. మంచిదే. అయితే మా అత్తగారికి దానికంటె మరుసటి ఏటి సంగతి ఎక్కువ నచ్చింది. 2020లో కరోనా కాలంలో, ఒకప్పుడు ఎవరో పెడితే తిన్న ఈ స్త్రీలు తమ గుమ్ములు విప్పి ధాన్యం యిచ్చారు. జహీరాబాదులో పోలీసువారికి, పారిశుద్ధ్య కార్మికులకు జావ కాచి పోశారు. ఆ దినాలలో మన గల్లీలో పొయ్యిలు ఎట్లా మండాయో, ఎంతమంది ఈ రోడ్డు పట్టుకొని కాలినడకన ఊరికి బయలుదేరారో పాఠకులకు నేను చెప్పనక్కరలేదు.

అంతా బాగుందని వ్రాస్తే అబద్ధమవుతుంది. రోడ్డుకు రెండు పక్కలా చెరకు, పత్తి కూడా చూశాను. సంఘం స్త్రీల కొడుకులు చాలామంది హైదరాబాదులో పనికి పోతున్నారు. నాగలి పట్టే చేయి తగ్గుతోంది. పైగా న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో పెద్ద పారిశ్రామిక మండలి వస్తోంది. దానికి వేల ఎకరాలు కావాలి. 2016లో కేంద్రం ఆమోదం దొరికిన నాటి నుంచి భూముల ధరలు మారిపోయాయి. మా మరిది ఫోను వెనుక వున్న కథ యిదే. ముప్ఫై ఏండ్లు రాయి రాయి ఏరి బాగుచేసుకొన్న చేను పోతుందేమోనని అక్కడివాళ్ల బెంగ. రాయి కూడా ఏరని మాకు లక్షలు వస్తాయట. ఆ మాట ఆ స్త్రీల ఎదుట చెప్పడానికి నాకు నోరు రాలేదు. "మీకూ భూమి వుందా చెల్లె?" అని అడిగినప్పుడు, "వుంది, బీడు" అని మాత్రం అన్నాను. "బీడు అంటే పడుకొన్న భూమి, సచ్చిన భూమి కాదు" అన్నది ఆ పెద్దామె. అట్లా అని, "మీరు బొంబాయిలుండి ఏం దున్నుతరు లే" అని తనే మళ్లీ నవ్వింది. దానికి నా దగ్గర జవాబు లేదు. మా ఆయన వచ్చి దున్నరు. మా అబ్బాయికి ఆ ఊరి పేరు వ్రాయడం రాదు. ఈ గల్లీలో పాత యిళ్లు పడగొట్టి కొత్తవి కడతారన్న మాట నిజమైతే, చేతిలో నాలుగు డబ్బులు వుండాలని ఆయన అనడమూ తప్పు కాదు.

వచ్చేటప్పుడు సంఘం ధాన్యం అమ్మే చోట కిలో పచ్చజొన్నలు కొన్నాను. యింటికి వచ్చి చాటలో పోస్తే మా అత్తగారు వేళ్లతో కలియబెట్టి, ఒక గింజ నోట వేసుకొని కొరికి చూశారు. ఏమి పండిందో అంతా చెప్పాను. ఆ పెద్దామె మాటా చెప్పాను. ఆ రాత్రి రొట్టెలు చేయబోతుంటే పిండికి తీసినదానిలోంచి రెండు గుప్పెళ్లు వెనక్కు తీసుకొన్నారు. పొయ్యి బూడిద ఎక్కడిది యిక్కడ, గ్యాసు పొయ్యి గదా! కింద యిస్త్రీ బండి దగ్గరికి మనుమణ్ణి పంపి బొగ్గుల బూడిద తెప్పించి, కలిపి, పాత డాల్డా డబ్బాలో పోసి మూత పెట్టారు.

సంతకం కాగితాలు వచ్చాయి. ఆ డబ్బా వున్న అలమారులోనే పెట్టాము.